నార్వేకి ఇద్దరం

ప్రయాణానికి 118 రోజులు

ప్రయాణ కచేరీలో ఈ పుస్తకం ఇచ్చారు. దరఖాస్తు పెట్టినవాళ్లు చేసుకునే ఏర్పాట్లు, వెళ్లాక చూసినవి, తిరిగొచ్చాక అనిపించినవి ఇందులో రాసుకోవాలట. ఎలా రాయాలని అడిగితే, "దూరాన ఉన్న చెల్లెలికి ఉత్తరం రాస్తున్నట్టు రాయండి తాయారుగారూ" అంది కౌంటరులో కూర్చున్న నస్రీన్. నాకు చెల్లెళ్లు లేరు. అయినా రాస్తాను.

నా పేరు మంగతాయారు. వయసు యాభై నాలుగు. పాపికొండల్లో ఊళ్లు కట్టిన మెట్లలో మూడోదాని మీద ఉంటాం. నా పని మంచు వలలు. పొద్దున్నే పొగమంచు కొండెక్కి వచ్చి వలకి తగిలి, నీరై, కింద దోనెలోకి దిగుతుంది. మా మెట్టు మీద రెండు వేల మంది తాగేది ఆ నీళ్లే. కొండ కిందున్నదంతా ఉప్పునీరు. ఎండెక్కాక వలలు దించి, పట్టిన పాచినీ ఉప్పునీ బ్రష్షుతో రుద్ది, మళ్లీ కట్టాలి. నాకూ పక్కింటి దేవకమ్మకూ కలిపి నలభై వలలు.

మా ఆయన పేరు కామేశం. మెట్ల మధ్య తిరిగే తాళ్ల బండి నడిపేవారు. మోకాళ్లు పట్టేశాక మానేశారు. వైశాఖంలో ఆయనకి అరవై నిండుతాయి. ఈ దరఖాస్తు ఇప్పుడే పెట్టడానికి కారణం అదే. దూర వంతు, అంటే దూరదేశం చూసొచ్చే అవకాశం, జన్మకి ఒక్కటే, నలభై రోజులు. అరవై నిండేలోగా వాడుకోకపోతే అది పోతుంది. మా ఇద్దరి వంతులూ అలాగే ఉన్నాయి. నార్వే వెళ్లాలని పద్దెనిమిదేళ్లుగా అనుకుంటున్నాం. ప్రతి ఏడూ "వచ్చే ఏడు చూద్దాంలే" అనేవారు ఆయన. ఈసారి నేను ఆగలేదు. రెండు కాగితాలూ నేనే నింపి ఇచ్చేశాను. గాలి ఓడ ఫాల్గుణంలో బయల్దేరుతుంది.

ఇంటికొచ్చి చెబితే ఆయన చేతిలో ఉన్న చెంబు కింద పెట్టి, "ఇచ్చేశావా?" అన్నారు.

"ఇచ్చేశాను. మీరు వెళ్లి వేలిముద్ర వెయ్యడమే మిగిలింది."

"సరేలే. వేస్తాను" అన్నారు.

ప్రయాణానికి 104 రోజులు

గాలి ఓడలో మనిషీ సామానూ కలిపి డెబ్బై అయిదు కిలోలు దాటకూడదు. నేను యాభై ఎనిమిది. ఆయన డెబ్బై తొమ్మిది. అంటే ఒంటి మీద బట్టల్లేకుండా వచ్చినా ఆయన్ని ఎక్కించుకోరు. అన్నం తగ్గించి జొన్న జావ పెడుతున్నాను. తాగుతున్నారు గానీ బరువు దిగడం లేదు. ఈ రోజు అసలు సంగతి తెలిసింది. పొద్దున నేను వలల దగ్గరికి వెళ్లగానే, దేవకమ్మ ఇంకా బయల్దేరకముందే వాళ్లింటికెళ్లి అట్లు తిని వస్తున్నారట.

"అన్నయ్యగారు ఆకలని అడిగితే కాదనలేం కదా వదినా" అంది దేవకమ్మ.

సాయంత్రం జాబితా తీశాం. పద్దెనిమిదేళ్లలో ఎన్ని కాగితాలు మారాయో గానీ, ఊళ్ల పేర్లు మాత్రం ఒక్కసారీ మారలేదు. ముందు బెర్గెన్. అక్కడ రేవు పక్కన వరసగా పాత చెక్క ఇళ్లు, ఎరుపువీ పసుపువీ. తర్వాత కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రంలో బోటు ప్రయాణం. తర్వాత లోయలోకి దిగే రైలు. ఆఖర్న చెక్కతో కట్టిన వెయ్యేళ్లనాటి చర్చి. ఆయన చెబుతుంటే నేను రాస్తాను. అది మా ఇద్దరికీ అలవాటు. ఆయన గొంతు అప్పుడు వేరేగా ఉంటుంది. పాతికేళ్ల కుర్రాడిలా మాట్లాడతారు.

"బోటులో ఎడంపక్క కూర్చోవాలి తాయారూ. జలపాతాలన్నీ అటే వస్తాయి."

"ఎడంపక్క ఖాళీ లేకపోతేనో?"

"ముందే ఎక్కాలి. బెర్గెన్‌లో వాన ఎలా పడుతుందో తెలుసా? పైనుంచి పడదు. పక్కనుంచి వచ్చి చెంప మీద కొడుతుంది. గొడుగు పనికిరాదు, టోపీ ఉన్న కోటు కావాలి. అక్కడ గోధుమరంగు జున్ను ఒకటుంటుంది, కోవాలా తియ్యగా ఉంటుంది. నీకు నచ్చుతుంది."

ఇవన్నీ ఎక్కడ చదివారని అడిగాను. పాత బొమ్మల పుస్తకమట, తాళ్ల బండి గదిలో ఉండేదట. చదివినదాన్ని కళ్లకి కట్టినట్టు చెప్పడం అందరికీ రాదు. మొన్న దేవకమ్మ కూడా అంది, "చూసొచ్చినట్టే చెబుతారు వదినా అన్నయ్యగారు" అని.

ప్రయాణానికి 90 రోజులు

మార్గశిరం. మంచు బాగా పడుతోంది. తొట్లు నిండాయి. పద్నాలుగో వల చిరిగితే రెండు రోజులు కుట్టాం.

ఆయన ఇంకా వేలిముద్ర వెయ్యలేదు. మొదటి వారం మోకాలి నొప్పి అన్నారు. రెండో వారం కచేరీ దాకా వెళ్లి, మూసేసి ఉందని తిరిగొచ్చారు. అది ఏ రోజూ మూసి ఉండదని నస్రీన్ చెప్పింది. ఇవాళ నేను తోడు వస్తానంటే, "చిన్నపిల్లాణ్ణా?" అని విసుక్కున్నారు.

భయపడుతున్నారేమో అనుకున్నాను. తొమ్మిది రోజులు గాలిలో. ఈ వయసులో నాకూ భయంగానే ఉంది. కాళ్లకి ఆముదం రాస్తూ, "ఏం కాదండీ, నేనున్నాగా పక్కన" అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నారు.

కోట్లు కుట్టించడం మొదలుపెట్టాను. టోపీలు ఉన్నవే. రెండు.

ప్రయాణానికి 77 రోజులు

కచేరీ నుంచి చీటీ వచ్చింది. "జంట దరఖాస్తు నిలిపివేయడమైనది. దరఖాస్తుదారులలో ఒకరికి అర్హత లేదు. స్వయంగా వచ్చి కలవగలరు."

ఎవరికి అర్హత లేదో రాయలేదు. నాకే అయ్యుంటుందని అనిపించింది. నాలుగేళ్ల క్రితం ఊపిరితిత్తుల్లో వల బూజు చేరి నెల రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. ఆ కాగితాలు అడ్డుపడి ఉంటాయి. నా మూలంగా ఆయన వంతు కూడా పోతుందని ఒకటే దిగులు. మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను.

"నా కోసం ఆగిపోవద్దు. మీరొక్కరే అయినా వెళ్లి రండి" అన్నాను ఆయనతో.

"నేను కనుక్కుంటాలే. నువ్వేం తిరగొద్దు" అన్నారు ఆయన. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

ప్రయాణానికి 71 రోజులు

ఆరు రోజులు చూశాను. ఆయన వెళ్లలేదు. ఇవాళ వలలు దించాక దేవకమ్మకి చెప్పి నేనే వెళ్లాను.

నస్రీన్ నన్ను చూసి లేచి నిలబడింది. ఎప్పుడూ లేవదు. లోపలి గదిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టింది.

"నా ఊపిరితిత్తుల సంగతేనా అమ్మా?" అన్నాను.

"కాదు తాయారుగారూ. మీకే అడ్డమూ లేదు."

"మరి?"

"కామేశంగారు తన వంతు వాడేసుకున్నారు. పందొమ్మిదేళ్లయింది. ఈ సంగతి మీకు తెలుసనుకున్నాను. ఎందుకు మళ్లీ పెట్టారా అని నేనే ఆశ్చర్యపోయాను."

పొరపాటు పడి ఉంటారు, ఆ పేరువాళ్లు ఇంకెవరైనా ఉంటారేమో చూడమన్నాను. ఆమె తెర నావైపు తిప్పింది. ఫొటో ఆయనదే. జుట్టు నల్లగా ఉంది. పుట్టిన తేదీ, తండ్రి పేరు, మూడో మెట్టు. గమ్యం నార్వే. శ్రావణంలో బయల్దేరారు. నలభై రోజులు అక్కడ, రానూ పోనూ ప్రయాణం అదనం. ఏ రోజు ఎక్కడున్నారో ఊళ్లతో సహా ఉంది. బెర్గెన్. బోటు. రైలు. చర్చి. మా జాబితాలో ఉన్న వరసే.

ఆ ఏడు శ్రావణంలో ఆయన ఒడిశా తీరంలో సముద్రపు గోడ కడుతున్నారని వెళ్లారు. మూడు నెలల పని అన్నారు. అత్తయ్య అప్పటికే తుంటి విరిగి మంచాన ఉంది. ఇప్పుడు అత్తారింట్లో ఉన్న మా పాపకి అప్పుడు ఆరేళ్లు. భాద్రపద బహుళ సప్తమి నాడు అత్తయ్య పోయింది. గోడ పని దగ్గరికి కబురు పంపితే, ఆ పేరుగలవారు ఇక్కడ లేరని జవాబొచ్చింది. అన్ని వేలమంది పనివాళ్లలో ఎక్కడని వెతుకుతారులే అనుకున్నాను. దేవకమ్మ మొగుడూ మరో ముగ్గురూ మోశారు. నిప్పు నేనే పెట్టాను. నాలుగు వారాల తర్వాత ఆయన వచ్చి గుమ్మంలో కూలబడి ఏడిస్తే, ఆయన తల నా ఒళ్లో పెట్టుకుని ఊరుకోబెట్టాను.

బహుళ సప్తమి ఏ తేదీ అయిందో నస్రీన్‌ని చూడమన్నాను. చూసింది. ఆ రోజు పక్కన "బోటు" అని ఉంది.

"నీళ్లు తాగుతారా?" అంది. తాగాను. మా వలల నీళ్లే.

ప్రయాణానికి 70 రోజులు

నిన్న అడగలేదు. ఇవాళ మధ్యాహ్నం కామేశం వరండాలో కూర్చుని నీళ్లు వడకట్టే జల్లెడకి కొత్త గుడ్డ బిగిస్తుంటే వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"కచేరీకి వెళ్లొచ్చాను" అన్నాను.

అతని చేతులు ఆగిపోయాయి.

"ఎవరితో వెళ్లారు?"

"ఎవరితోనూ కాదు."

"ఇప్పుడైనా నిజం చెప్పండి."

"నిజమే చెబుతున్నాను తాయారూ. ఒక్కణ్ణే వెళ్లాను."

ఇంకో ఆడమనిషి ఉందంటే బాగుండేదనిపించింది. ఆమెని తిట్టుకునేదాన్ని. అతని మొహం చూస్తే తెలిసిపోయింది, ఎవరూ లేరు.

"నేనెందుకు అక్కర్లేకపోయాను?"

"అక్కర్లేక కాదు. అమ్మ మంచాన ఉంది. పాప చిన్నది. ఇద్దరం కదిలే వీలు లేదు."

"అందరూ ఆగడం లేదూ? పిల్లలు పెద్దయ్యేదాకా, ముసలివాళ్లు పోయేదాకా. ఈ మెట్టు మీద అందరూ ఆగుతున్నారు."

"ఆగలేకపోయాను." జల్లెడ పక్కన పెట్టాడు. "రోజుకి నలభైసార్లు ఆ బండి పైకీ కిందకీ. ఇంటికొస్తే అమ్మ మూలుగు. నీకేం కావాలో, పాపకేం కావాలో. నీతో వెళ్లినా అంతే కదా. చలేస్తోందా, ఆకలేస్తోందా, బాగుందా అని నీ మొహం చూస్తూ ఉండాలి. ఒక్కసారి ఎవరి మొహమూ చూడకుండా కొండల్ని చూడాలనిపించింది. అంతే. చెడ్డపని అనుకోలేదు. తిరిగొచ్చి చెప్పేద్దామనే అనుకున్నాను. వచ్చేసరికి అమ్మ లేదు. ఇంకెలా చెబుతాను?"

"మరి ఈ జాబితాలు? పద్దెనిమిదేళ్లు నా చేత ఎందుకు రాయించారు?"

కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"ఎవరితోనైనా చెప్పుకోవాలిగా" అన్నాడు. "అంతటిది చూసొచ్చి నోరు మూసుకుని బతకడం ఎంత కష్టమో నీకు తెలీదు. నీతో ప్లాన్ వేస్తుంటే మళ్లీ వెళ్లినట్టుండేది."

"వైశాఖం వచ్చేస్తే మీ వంతు గడువు అయిపోయిందని చెప్పేద్దామనుకున్నారు."

తల ఊపాడు.

"అప్పుడు నేనే మిమ్మల్ని ఓదార్చేదాన్ని."

జల్లెడ మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు.

ప్రయాణానికి 58 రోజులు

రోజులు గడుస్తున్నాయి. వండుతున్నాను, తింటున్నాడు. జొన్న జావ మానేశాను. డెబ్బై తొమ్మిది కిలోల మనిషి ఎన్ని కిలోలైనా నాకేం.

వెళ్లడం మానేద్దామని మూడుసార్లు అనుకున్నాను. నాకింకా ఆరేళ్లుంది. ఆగి ఇంకో దేశం పెట్టుకోవచ్చని నస్రీన్ చెప్పింది. ఇంటికొచ్చి పటం ముందు కూర్చున్నాను. ఏ దేశం? నేనేం చూడాలనుకున్నాను? ఎంత వెతుక్కున్నా నార్వే తప్ప ఇంకోటి రాలేదు. పెళ్లికి ముందు ఏదో ఒకటి ఉండే ఉంటుంది. పద్దెనిమిదేళ్లు ఇంకొకరి కొండలు రాసి రాసి, నాదేమిటో నాకే గుర్తు లేకుండా పోయింది.

దేవకమ్మకి చెప్పాను. ఆమె బ్రష్షు దోనెలో పడేసింది.

"నీకు కొట్టాలనిపించలేదా వదినా?"

"అనిపించింది. మోకాళ్లు గుర్తొచ్చి ఊరుకున్నాను."

ఇద్దరం నవ్వాం. ఎందుకు నవ్వామో తెలియదు. ఆ తర్వాత ఆమె ఏడ్చింది. అత్తయ్య శవాన్ని మోసిన ఆమె మొగుడు కూడా ఇప్పుడు లేడు.

మధ్యాహ్నం కామేశం దగ్గరికొచ్చి, "నువ్వు వెళ్లు తాయారూ. నా మూలంగా మానుకోకు. ఆ జాబితా ప్రకారం వెళ్తే ఏ ఇబ్బందీ ఉండదు. ఏ ఊళ్లో ఎక్కడ దిగాలో అన్నీ నేను చెబుతాగా" అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

ప్రయాణానికి 31 రోజులు

ఊళ్ల జాబితా మార్చుకోవడానికి రేపటితో గడువు సరి. కచేరీకి వెళ్లి, పందొమ్మిదేళ్ల కిందటి ఆ ప్రయాణం కాగితం అడిగాను. "ఇవ్వకూడదు" అంటూనే నస్రీన్ తెర తిప్పి, తను కిటికీ వైపు చూస్తూ నిలబడింది. అందులో ఉన్న ప్రతి ఊరూ నా జాబితాలో కొట్టేశాను. కొట్టేశాక నా జాబితాలో ఒక్క ఊరూ మిగల్లేదు.

"మిగతా దేశంలో ఏముంది?" అన్నాను.

పటం తెచ్చి పరిచింది. పైన, చాలా పైన, సముద్రంలో కొన్ని దీవులున్నాయి. లోఫోటెన్ అని రాసుంది.

ఆ పేరు నాకు తెలుసు. ఒకసారి నేనే అడిగాను, ఇక్కడికి వెళ్దామా అని. "అక్కడేముంది, ఎండుచేపల కంపు" అన్నాడు కామేశం. మా అమ్మమ్మవాళ్లు ఉప్పాడలో ఎండుచేపలు పెట్టేవాళ్లని అతనికి తెలుసు. ఆ ఊరు ఇప్పుడు నీళ్ల కింద ఉంది.

"ఇక్కడికి రాయి" అన్నాను.

"ఇక్కడికి మనవాళ్లెవరూ వెళ్లలేదు తాయారుగారూ. ఏం చూడాలో చెప్పేవాళ్లు లేరు."

"అందుకే."

రెండో కోటు ఊడదీసి, ఆ గుడ్డతో సంచీ కుట్టించుకున్నాను.

ప్రయాణంలో 10వ రోజు

గాలి ఓడ బెర్గెన్‌లోనే దిగుతుంది. దాన్ని కొట్టేసే అధికారం నాకు లేదు. దీవులకి వెళ్లే పడవ రేపు. ఒక పగలంతా ఇక్కడే గడపాలి.

చూడకూడదనుకున్నాను. బస గదిలో కూర్చుందామనుకుంటే, గదులు మధ్యాహ్నం దాకా తెరవరట. వీధిలోకి వచ్చాను. వాన పక్కనుంచి వచ్చి చెంప మీద కొట్టింది. రేవు పక్కన చెక్క ఇళ్లు ఎరుపూ పసుపూ, అతను చెప్పినంత వంకరగానే ఉన్నాయి. గుమ్మాలు ఒకదాని మీద ఒకటి వాలి నిలబడ్డాయి. ఒక పాక కింద అమ్ముతున్నవాళ్లని అడిగితే గోధుమరంగు జున్ను ముక్క ఇచ్చారు. కోవాలా తియ్యగా ఉంది. నాకు నచ్చింది.

ఈ ఊరి విషయంలో కామేశం నాతో ఒక్క అబద్ధమూ చెప్పలేదు.

ఏదైనా ఒక్కటి అతను చెప్పింది కానిది కనిపిస్తుందేమోనని సాయంత్రం దాకా తిరిగాను. కళ్లు నావే. కానీ నేను ఏ మలుపు తిరిగినా అతను అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు, నల్ల జుట్టుతో, ఎవరి మొహమూ చూడకుండా. ఆ మనిషి ఎంత సంతోషంగా ఉండి ఉంటాడో ఇవాళ నాకు పూర్తిగా అర్థమైంది. అర్థం కాకపోతేనే నయం.

ప్రయాణంలో 19వ రోజు

దీవుల్లో ఆరో రోజు. ఇక్కడ కొండలు నీళ్లలోంచి నిట్టనిలువుగా లేచాయి. ఒడ్డున మనిషికి రెండింతల ఎత్తు కర్రల పందిళ్లు. వాటి మీద వేలకొద్దీ చేపలు, తలలు తీసేసి, రెండేసి తోకలు కలిపి కట్టి వేలాడదీశారు. కంపు ఉంది. ఉప్పాడలో మా అమ్మమ్మ చీర కొంగు వాసన ఇదే. నాలుగేళ్ల వయసు తర్వాత ఈ వాసన నా ముక్కుకి తగల్లేదు. పందిరి కింద నిలబడి పీల్చాను.

అక్కడ ఇంగెబోర్గ్ అనే ముసలావిడ పని చేస్తోంది. ఎనభై ఏళ్లుంటాయి. నా చెవిలో కచేరీవాళ్లు పెట్టిన దుబాసీ ఆమె మాటల్ని తెలుగులో చెబుతోంది. రెండు రోజులు దూరంనుంచి చూశాను. మూడో రోజు ఆమె ఒక తాడు నా చేతిలో పెట్టింది. వలలు కట్టే చేతులు కదా, ముడి వెంటనే పట్టుబడింది. ఆమె నా వేళ్ల వైపు చూసి, "ఎక్కడ నేర్చుకున్నావు?" అంది. నీళ్ల కోసం మేం మంచుకి వలలు వేస్తామని చెబితే నమ్మలేదు. చెయ్యి ఊపుతూ పక్కవాళ్లని పిలిచి మళ్లీ చెప్పించుకుంది. జన్మలో మొదటిసారి నా పని గురించి నలుగురు నిలబడి విన్నారు.

ఇవాళ చేపలు కడుతూ అడిగింది, "మీ ఆయన రాలేదా?"

"పోయాడు" అన్నాను.

ముందుగా అనుకున్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. ఆమె తాడు వదిలేసి, చేపల చేతులతోనే నన్ను పట్టుకుంది. తన భర్త పడవతో సహా మునిగిపోయాడనీ, నలభై ఏళ్లయిందనీ చెప్పింది. "అతనూ ఇది చూడాలనుకున్నాడా?" అంది. అనుకున్నాడన్నాను. అప్పుడు ఏడుపొచ్చింది. తొంభై రోజుల నుంచి రానిది, అబద్ధం చెప్పాక వచ్చింది. ఆమె వీపు నిమురుతూ ఉంది. నేను పోయినవాడి కోసం ఏడుస్తున్నాననే అనుకుంది. అది పూర్తిగా తప్పు కూడా కాదు.

తిరిగొచ్చాక 2వ రోజు

తాళ్ల బండి దిగేచోట కామేశం నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. సంచీ అందుకున్నాడు. ఇల్లు ఊడ్చి, నీళ్లు పట్టి, పప్పు వండాడు. పప్పు మాడింది.

"బాగా జరిగిందా?" అన్నాడు.

"జరిగింది."

"బెర్గెన్‌లో వానేనా?"

నేను సంచీలోంచి బట్టలు తీసి ఆరేయడానికి వెళ్లాను.

తిరిగొచ్చాక 12వ రోజు

వసంతం కదా, మంచు తక్కువ. వలలు సగమే తడుస్తున్నాయి. పని తేలిక.

దీవుల సంగతి దేవకమ్మకి చెప్పబోయాను. కర్రల పందిళ్లు, కొండలు, పది రకాలుగా మారే వెలుతురు. వింటూ "ఆహా" అంది, "అలాగా" అంది. మధ్యలో, "వదినా, ఇరవయ్యో వలకి అంచు ఊడింది చూశావా?" అంది. తప్పు ఆమెది కాదు. చూడనివాళ్లకి చెప్పడం నాకు చేతకాలేదు. కామేశంలా చెప్పడం నాకు రాదు. కచేరీలో అడిగాను, మూడో మెట్టు మీద ఇంకెవరైనా నార్వే వెళ్లారా అని. నస్రీన్ వెతికింది. పైనున్న రెండు మెట్లలో కూడా వెతికింది. మేమిద్దరమే.

చెప్పాలని గొంతు దాకా వస్తోంది. వలలు రుద్దుతుంటే వస్తుంది, బియ్యం ఏరుతుంటే వస్తుంది. పద్దెనిమిదేళ్లు ఇది ఒకడు ఎలా మోశాడో తెలుస్తోంది.

ఇవాళ మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. బయట మబ్బు పట్టి, ఎండ పక్కగా కొండ మీద పడింది. సరిగ్గా అక్కడి వెలుతురే. నేను అటు చూస్తూ ఉండిపోయాను. కామేశం కూడా అటు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"అక్కడిలాగే ఉంది కదా" అన్నాడు మెల్లగా.

నేను అతని గ్లాసులో నీళ్లు పోశాను.

"నేను ఆ దీవులు చూడలేదు తాయారూ. నన్ను మళ్లీ వెళ్లనివ్వరు. నీకు చెప్పాలని ఉంది, నాకు తెలుస్తోంది. ఎలా ఉంటాయో చెప్పు."

ముద్ద కలిపి అలాగే పట్టుకున్నాడు. అన్నం ముందు కూర్చున్నా ఆకలి వేరేదాని మీద ఉంది. చూస్తే జాలేసింది.

"చెబుతాను" అన్నాను. "పందొమ్మిదేళ్లయింది, అత్తయ్య ఎలా పోయిందో మీరు నన్ను ఒక్కసారీ అడగలేదు. ఆ పొద్దున ఏం జరిగిందో, ఏమందో, ఎవరినడిగిందో. ముందు అది అడగండి. అది చెప్పాక ఇది చెబుతాను."

అతని పెదాలు కదిలాయి. చేతిలో ముద్ద కంచంలో పెట్టి, వేళ్లతో మెతుకుల్ని అటూ ఇటూ జరిపాడు. వరండాలోంచి వెలుతురు పోయింది. దేవకమ్మ దారిన పోతూ లోపలికి తొంగి చూసి, పలకరించకుండానే వెళ్లిపోయింది. నేను ఎదురుచూశాను. ఒక్క మాట అడిగినా చెప్పేసేదాన్ని, మొత్తం, ఇంగెబోర్గ్‌తో ఆడిన అబద్ధం కూడా.

అతను అడగలేదు. నాలుగు మెతుకులు తిని లేచి, గోడ పట్టుకుని చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు. నేను నా అన్నం పూర్తిగా తిని కంచాలు తీశాను.